సొట్ట తీసి అమ్మాలా, సొట్టతోనే అమ్మాలా?

బావ: బామ్మర్ది, నా మాట విను. బండిని బాగుచేయించే అమ్ము. నీది 2018 మోడల్ స్విఫ్టు, డీజిల్. మారుతి కంపెనీ 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లు చేసుడే బంద్ పెట్టింది. సిర్గాపూర్, నారాయణఖేడ్, అటు బీదర్ దాకా పాత డీజిల్ స్విఫ్టు కావాలనేటోళ్లు ఇంకా ఉన్నరు. దెబ్బ లేకుంటే నాలుగున్నర లక్షలు పలికే బండి. కల్వర్టు గోడకు గుద్దిన ఎడమ మూల చూపెట్టి పాత బండ్లు కొని అమ్మే కన్సల్టెన్సీ ఆయన 3 లక్షల 20 వేలకు అడిగిండు. అంటే లక్షా 30 వేల కోత. జహీరాబాద్‌లో డెంటింగ్, పెయింటింగ్ మేస్త్రి మొత్తం పనికి అడిగింది 38 వేలు. కంపెనీ సర్వీస్ సెంటర్ ఎస్టిమేటు చూసినా 85 వేలే. అంత పనికి లక్షా 30 వేలు ఎందుకు వదులుకుంటవు?

బామ్మర్ది: ఆ లెక్కలో ఒకటి మరిచినవు బావా. బాగుచేయిస్తే నాలుగున్నర లక్షలు ఎవరిస్తరు? దెబ్బ సంగతి తెల్వనోడు ఇస్తడు, తెలిసినోడు ఇయ్యడు. బంపర్, హెడ్‌లైటు, ఫెండర్, బానెట్, ఇవన్నీ బోల్టులు విప్పి మార్చేవి. వాటితో పేచీ లేదు. కానీ లోపల యాప్రాన్ కూడా నలిగింది. అది బాడీకి వెల్డింగ్ అయి ఉండే భాగం. అది కదిలిందంటే బజార్లో అది యాక్సిడెంట్ బండే. 38 వేలు పెట్టి, ఉన్న సంగతి చెప్పి అమ్మితే 3 లక్షల 70 వేలు వస్తయి. ఖర్చు పోను మిగిలేది 3 లక్షల 32 వేలు. చెప్పకుండా అమ్మితే 4 లక్షల 30 వేలు వస్తయి, మిగిలేది 3 లక్షల 92 వేలు. రెండిటి నడుమ 60 వేల తేడా ఉన్నది. ఆ 60 వేలు మేస్త్రి పనితనానికి వచ్చిన పైసలు కావు, నేను నోరు మూసుకున్నందుకు వచ్చిన పైసలు.

బావ: నోరు మూసుకొమ్మని నేనెప్పుడన్న? చెప్పే అమ్ము. అట్ల అమ్మినా ఇప్పుడు అడిగిన ధర మీద 12 వేలు ఎక్కువే కదా. ఇంకో సంగతి చూడు. సొట్టతోనే అమ్మితే కొన్నోడు ఆ సాయంత్రమే పగిలిన లైటుతో బండేసుకొని పోతడు. నిజాంపేట నుంచి నారాయణఖేడ్ మీదుగా బీదర్ పోయే 161బీ హైవే మీద పత్తి లారీలు, వెనుక లైటు లేని ట్రాక్టర్లు రాత్రిపూట ఎట్ల నడుస్తయో నీకు తెలుసు. ఒంటి లైటు కారును ఎదుటోడు మోటార్ సైకిల్ అనుకుంటడు. లోపమున్నదని తెలిసీ బండిని రోడ్డెక్కనిస్తే మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద నేరం. తాళం చెవి నీ చేతి నుంచే పోతది కాబట్టి ఆ పాపంలో నీకూ వాటా ఉంటది.

బామ్మర్ది: ఆ మాట ఒప్పుకుంటున్న. లైటు లేకుండా బండిని రోడ్డు మీదికి పంపను. హెడ్‌లైటు వేయిస్త, లేదంటే టోయింగ్ బండి మీద ఎక్కించి పంపుత. కానీ లైటు వేయించుడు వేరు, యాప్రాన్ సాగదీసి పైనుంచి కొత్త ఫెండర్ బిగించి రంగు కొట్టుడు వేరు. మొదటిది రోడ్డు మీద నడిచేటందుకు చేసే పని. రెండోది కొనేటోని కన్ను కోసం చేసే పని. నువ్వు రెండిటినీ రిపేరు అనే ఒక్క పేరుతో పిలుస్తున్నవు. రంగు పడ్డంక లోపల ఏం జరిగిందో కొన్నోనికి కనపడదు, అమ్మిన నాకూ కనపడదు.

బావ: అట్లయితే కనపడేటట్టే చేయించు. కంపెనీ సర్వీస్ సెంటర్‌కు తీసుకపో. నలిగిన యాప్రాన్ కోసి కొత్తది వేస్తరు. జాబ్ కార్డు ఇస్తరు, ఏ పార్టు మార్చిండ్రో నంబరుతో సహా బిల్లు ఇస్తరు. రేపు కొనేటోడు అదే బండి నంబరు చెప్పి ఏ సర్వీస్ సెంటర్‌లో అడిగినా ఆ చరిత్ర దొరుకుతది. దెబ్బ కండ్లకు కనపడుడు ఒక్కటే సాక్ష్యం కాదు, బిల్లు కూడా సాక్ష్యమే. పైగా సొట్ట ఎక్కడ తగిలిందో మాత్రమే చెప్తది. ఏం చేసి సరిచేసిండ్రో చెప్పేది బిల్లు.

బామ్మర్ది: కంపెనీలో చేయిస్తే సగం భయం పోతది, నిజమే. ఆ మోడల్ స్విఫ్టు బాడీలో హై టెన్సైల్ ఉక్కు వాడిండ్రు. గుద్దినప్పుడు ముందు భాగం ఒక వరుసలో ముడుచుకొని, లోపల కూసున్న మనుషుల దాకా దెబ్బ రాకుండా ఆపాలె. అసొంటి ఉక్కును గ్యాస్ మంటతో కాల్చి గొలుసేసి గుంజితే ఆకారం వస్తది కానీ బలం తగ్గుతది. అందుకే 38 వేల పని నాకు వద్దు. ఇగ 85 వేల పని చూద్దాం. బిల్లు చూపెట్టి, దెబ్బ సంగతి చెప్పి అమ్మితే 3 లక్షల 95 వేలు వస్తయనుకో. ఖర్చు పోతే 3 లక్షల 10 వేలు. ఇప్పుడు అడిగినదాని కంటే 10 వేలు తక్కువ, పైగా నెల రోజుల తిరుగుడు. నిజాయితీగా, గట్టిగా చేయిస్తే నష్టం. మాయ పని చేయించి మౌనంగా ఉంటే లాభం. బజారే ఇట్లున్నప్పుడు బాగుచేయించి అమ్ము అనే సలహా మనిషిని ఎటు తోస్తదో ఆలోచించు.

బావ: ఆ 85 వేలు నీ జేబులోంచే పెట్టాలని ఎవరన్నరు? నీది ఫుల్ ఇన్సూరెన్స్, గడువు ఇంకా ఉన్నది. ఆలస్యం చెయ్యకుండా క్లెయిమ్ పెట్టు. ఐదేండ్లు దాటి పదేండ్ల లోపు బండికి ఇనుప భాగాల మీద 40 శాతం, ప్లాస్టిక్, రబ్బరు మీద 50 శాతం తరుగుదల కోస్తరు. అద్దం మీద కోత లేదు. 1500 సీసీ లోపు కారుకు తప్పనిసరిగా మనం భరించాల్సింది వెయ్యి రూపాయలు. అన్నీ పోను 50 వేలు ఇన్సూరెన్స్ ఇచ్చిందనుకుందాం. నీ చేతి నుంచి పోయేది 35 వేలు. 3 లక్షల 95 వేలకు అమ్మితే మిగిలేది 3 లక్షల 60 వేలు. గట్టి పని, పక్కా బిల్లు, నిజమే చెప్పి అమ్మినవు, అయినా 40 వేలు ఎక్కువ. ఇప్పుడు చెప్పు, నిజాయితీకి నష్టమెక్కడ?

బామ్మర్ది: ఇక్కడ నీ లెక్క నిలబడుతది. కాదనను. అయితే అందులో నో క్లెయిమ్ బోనస్ కూడా కలుపు. ఐదేండ్లు క్లెయిమ్ పెట్టనోనికి సొంత డ్యామేజీ ప్రీమియంలో 50 శాతం తగ్గుతది. అది బండి వెంట పోదు, ఓనర్ వెంట వస్తది. బండి అమ్మి సర్టిఫికెట్ తీసుకుంటే మూడేండ్ల లోపు కొత్త కారు పాలసీకి పెట్టుకోవచ్చు. ఒక్క క్లెయిమ్‌తో అది సున్నాకు పడుతది. మళ్ల 20, 25, 35, 45 ఎక్కుకుంట 50కి చేరాలంటే ఐదేండ్లు కావాలె. ఆ పోయినది తీసేసినా నువ్వు చెప్పిన 40 వేలల్లో కొంత మిగులుతది, సరే. కానీ మన ఊళ్లల్ల ఎంతమందికి ఫుల్ ఇన్సూరెన్స్ ఉంటది? కొన్నప్పుడు ఒక్క ఏడు కడుతరు, తర్వాత థర్డ్ పార్టీతో నడిపిస్తరు. వాళ్లు ఈ దెబ్బతో నీ దగ్గరికి వస్తే నీ సలహా మళ్ల 38 వేల మేస్త్రి దగ్గరికే పోతది. నాకు పైసల కంటే పెద్ద సంగతి ఇంకోటున్నది. సొట్ట ఉన్నన్ని రోజులు ఎవ్వడూ ఎవ్వణ్ని మోసం చెయ్యలేడు.

బావ: మోసం చెయ్యలేడు కానీ బెదిరించగలడు. సొట్ట నీకు నిజాయితీ లెక్క కనపడుతున్నది, బేరగానికి అది ఆయుధం. పత్తి సంగతి తీసుకో. తేమ 8 శాతం ఉంటే సర్కారు పత్తి కొనే సంస్థ సీసీఐ పూర్తి మద్దతు ధర ఇస్తది, అది దాటితే కోత పెడుతది, 12 దాటితే కొనదు. రైతుకు అది నచ్చకపోవచ్చు, కానీ కొలిచే మిషన్ ఉన్నది, అంకె కనపడుతది, కోత ఎంతనో ఇద్దరికీ తెలుస్తది. బండి దెబ్బకు అసొంటి కొలత లేదు. కన్సల్టెన్సీ ఆయన 85 వేల పనిని చూపెట్టి లక్షా 30 వేలు కోసిండు చూడు, ఆ మిగతా 45 వేలు దెబ్బ ధర కాదు, లోపల ఇంకేమున్నదో అన్న అనుమానం ధర. బాగుచేయించుడు అంటే ఆ అనుమానాన్ని తీసేసుడు. అమ్మేటోడు ఎందుకు భరించాలె లేని దెబ్బకు కూడా కోత?

బామ్మర్ది: అనుమానం ఊరికే పుట్టదు బావా, బజారే పుట్టించింది. అమెరికా ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో పాత కార్ల బజారు మీదనే ఒక వ్యాసం రాసిండు. మా డిగ్రీ కాలేజీ ఎకనామిక్స్ సారు దాన్ని ఎంత చెప్పినా తృప్తి పడకపోతుండె. అమ్మేటోనికి బండి గుట్టు తెలుసు, కొనేటోనికి తెల్వదు. మంచిదో చెడ్డదో తేల్చుకోలేనోడు నడిమి ధరే ఇస్తనంటడు. ఆ ధరకు మంచి బండి ఓనర్ అమ్మడు, చెడ్డ బండి ఓనర్ సంబురంగా అమ్ముతడు. మెల్లమెల్లగా బజారంత చెడ్డ బండ్లతోనే నిండుతది. అంటే నలిగిన బండిని నున్నగా చేసి నిలబెట్టిన ప్రతి ఒక్కడూ, ఏ దెబ్బా లేని ఇంకొకని బండి ధరను కూడా పడగొడుతున్నడు. నేను ఆ వరుసలో నిలబడను.

బావ: అకెర్లాఫ్‌కు 2001లో నోబెల్ వచ్చినప్పుడు మైకేల్ స్పెన్స్, జోసెఫ్ స్టిగ్లిట్జ్ కూడా పంచుకున్నరు, ఆ మాట మీ సారు చెప్పలేదా? స్పెన్స్ చెప్పింది దీనికి మందే. గుట్టు తెలిసినోడు ఎదుటోన్ని నమ్మించాలంటే, చెడ్డోడు చెయ్యలేనంత ఖర్చైన పని ఒకటి చేసి చూపెట్టాలె. కంపెనీ బిల్లు అసొంటిదే. యాప్రాన్ పుట్టీతో నింపి అమ్మాలనుకున్నోడు 85 వేలు పెట్టి కొత్త యాప్రాన్ వేయించడు. నువ్వు సొట్టతో నిలబడితే ఎదుటోనికి తెలిసేది బండి గుద్దుకున్నదని ఒక్కటే. బిల్లుతో నిలబడితే నువ్వు ఏ రకం మనిషివో కూడా తెలుస్తది.

బామ్మర్ది: బిల్లు చేసిన పనిని చెప్తది, చెయ్యకుండా వదిలేసిన పనిని చెప్పదు. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ మునిగింది. 2025 ఆగస్టు చివర్లో మన పక్కనే కామారెడ్డి, మెదక్ మునిగినయి. అట్ల నీళ్లల్ల ఉన్న కారుకు సీట్లు మార్చిన బిల్లు ఉంటది, ఇంజన్ ఆయిల్ మార్చిన బిల్లు ఉంటది. వైరింగ్ సందుల్లో తేమ కూసొని, ఆరు నెలలకు పచ్చగ తుప్పు పట్టి, ఒకరాత్రి బండి నడిరోడ్డు మీద ఆగిపోతదని ఏ బిల్లు చెప్తది? నా బండి మునగలేదు, నిజమే. కానీ ఎడమ చక్రం మీదనే గుద్దింది. సస్పెన్షన్‌లో సన్నని వంకర ఏమన్న మిగిలిందా అని మంచి మేస్త్రి కూడా పైపైన చూసి చెప్పలేడు. సొట్ట కనపడుతుంటే కొనేటోడు ఆ మూలనే వెతుకుతడు. సొట్ట తీసేస్తే ఎక్కడ వెతకాలో కూడా వానికి తెల్వదు.

బావ: వెతికేటోడు కొంటేనే కదా ఆ మాట. సొట్టతో ఉన్న బండిని కొనేది ఎవరు? ఇంట్లోవాళ్లను ఎక్కించుకొని తిరిగేటోడు కొనడు, కన్సల్టెన్సీ కొంటది. కొని ఏం చేస్తది? నువ్వు వద్దన్న ఆ 38 వేల పనే చేయిస్తది, ఇంకా తక్కువలో చేయిస్తది. నువ్వు దాచనిది వాడు దాస్తడు. అప్పటిదాకా ఆర్సీ ఎవరి పేరు మీద ఉంటది? పేరు మార్పు ఫారాలు 29, 30 మీద ఖాళీ సంతకాలు పెట్టించుకొని, అసలు గిరాకీ దొరికేదాకా నీ పేరు మీదనే తిప్పుతడు. నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసు తెలుసా? విజయ్ కుమార్ 2007లో కారు అమ్మిండు. అది చేతులు మారుకుంట పోయింది, రిజిస్ట్రేషన్ మాత్రం మారలేదు. 2009లో ప్రమాదం జరిగింది. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, రిజిస్టర్‌లో పేరున్నోడే ఓనర్, నష్టపరిహారం ఆయన బాధ్యతే అన్నది. నీ నిజాయితీ కన్సల్టెన్సీ గేటు దగ్గర ఆగిపోతది, నీ పేరు మాత్రం బండి వెంట పోతది.

బామ్మర్ది: ఈ మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. సగం జవాబున్నది. 2023 ఏప్రిల్ నుంచి పాత బండ్ల డీలర్లకు ఆర్టీఏ అనుమతి ఉండాలని కేంద్రం రూల్ పెట్టింది. అనుమతి ఉన్న డీలర్‌కు బండి అప్పజెప్పినప్పుడు ఫారం 29సీ ఇస్తే, అక్కణ్నుంచి బాధ్యత అతనిదే. అది లేనోనికి నేను అమ్మను. ఇంకో మాట. 1872 నాటి ఒప్పందాల చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఊరికే మాట్లాడకుండా ఉండుడు మోసం కాకపోవచ్చు, కానీ తెలిసిన సంగతిని పనిగట్టుకొని కప్పిపెట్టుడు మోసమే. పుట్టీ పెట్టి రంగు కొట్టుడు మౌనం కాదు, కప్పిపెట్టుడే. అట్ల కొన్నోడు 19వ సెక్షన్ కింద బేరం రద్దు చేసుకోవచ్చు. కొనేటోడే చూసుకోవాలె అనే 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం కూడా మోసాన్ని కాపాడదు. కన్సల్టెన్సీ ఆయన ఆ పని చేస్తే నేరం ఆయనది, నాది కాదు.

బావ: నేరం ఎవరిదన్నది కోర్టులో తేలుతది, దెబ్బ ఎవరికి తగులుతదన్నది రోడ్డు మీద తేలుతది. చివరికి ఆ బండి కొనేటోన్ని తలుచుకో. ఖానాపూర్ తండానో, సుల్తానాబాద్ దిక్కో, పంట పైసలు కొంత, ఫైనాన్స్ కొంత కలిపి కొంటడు. నెలలు నిండిన బిడ్డను రాత్రికి రాత్రి నారాయణఖేడ్ దవాఖానకు తీసుకపోయేది ఆ బండిలోనే. వాడు నీ సొట్ట బండిని నేరుగా కొనలేడు. ఫైనాన్స్‌వాళ్లు వాల్యుయేషన్ చూసి లోన్ ఇస్తరు, ముందు మూల నలిగిన బండికి వెనుకాడుతరు. కొన్నా రిపేరుకు ఇంకో 85 వేలు వాని దగ్గర ఎక్కడివి? బండి అవసరం ఎక్కువున్నోనికి తయారుగా ఉన్న బండే కావాలె. ఆ తయారు చేసేది కన్సల్టెన్సీ అయితే ఎట్ల చేస్తదో నువ్వే చెప్పినవు. నువ్వు చేస్తే సక్కగ చేస్తవు. ఇది నా అసలు వాదన బామ్మర్ది. బాగుచేయించుడు లాభం కోసం కాదు, ఆ పని మంచి చేతిలో పడాలని.

బామ్మర్ది: నీ వాదనలో అన్నిటికంటే బరువైన మాట ఇదే. నా పట్టు కొంత సడలింది, దాచను. కానీ అదే మనిషి కోసమే నేనూ మాట్లాడుతున్న. వానికి బిల్లు చదువొస్తదా? యాప్రాన్ అంటే ఏందో తెలుసా? నున్నటి రంగు చూసి, నీ లెక్క మంచి మనిషి మాట నమ్మి కొంటడు. రేపు అందరూ మంచోళ్లే ఉండరు కదా. వాని కండ్లకు అర్థమయ్యే భాష సొట్ట ఒక్కటే. అందుకే ఒక షరతు పెడుత. బాగుచేయిస్తే డెంటింగ్ అయినంక, రంగు పడకముందు బేరం కావాలె. పాత పార్టులు పక్కన పెట్టి, కొత్త వెల్డింగ్ కనపడేటట్టు బండిని విప్పి ఉంచాలె. కొనేటోడు సొంత మేస్త్రిని తెచ్చుకొని చూసుకోవాలె. ఆ తర్వాతే రంగు.

బావ: ఆ షరతు నాకు నచ్చింది. కానీ నడుస్తదా? రంగు లేని బండిని సర్వీస్ సెంటర్ ఎన్ని రోజులు నిలబెట్టుకుంటది? ఆ వారంలోనే గిరాకీ దొరకాలెనంటే ఎట్ల? నడవాలంటే ఇట్ల చెయ్యి. గుద్దిన రోజు ఫోటోలు, విప్పినంక ఫోటోలు, కొత్త యాప్రాన్ వేసినప్పటి ఫోటోలు అన్నీ తీసిపెట్టు. వీల్ అలైన్‌మెంట్ రిపోర్టు పెట్టు. అమ్మకం కాగితంలో తెలుగులో రాయి: ఈ బండి ఎడమ ముందు మూల గుద్దుకున్నది, ఈ భాగాలు మార్చినం అని. చదువురానోనికి సాక్షుల ముందట చదివి వినిపించు. అప్పుడు సొట్ట చెప్పే మాట కంటే ఎక్కువే వానికి తెలుస్తది.

బామ్మర్ది: ఇన్ని చేసేటోడు పదిమందిలో ఒక్కడుంటడేమో బావా. మిగతావాళ్లు నీ సలహాలో మొదటి సగం, బాగుచేయించు అన్నదే తీసుకుంటరు. ఫోటోలు, కాగితం అన్నది వదిలేస్తరు. నా సలహాను అట్ల సగానికి కోసే వీలు లేదు. సొట్టతో అమ్మినోడు నిజం చెప్పే అమ్మినట్టు.

బావ: నీ సలహా కూడా సగమే నడుస్తది. సొట్టతో అమ్మినోడు తన వరకు నిజం చెప్తడు, తర్వాతి చేతిలో అది అబద్ధమైతది. పని చేతకాక కొందరు దాస్తరని పని చేయించేటోన్ని ఆపొద్దు. నేను ఇప్పటికీ బాగుచేయించే అమ్మాలె అంటున్న. కాకపోతే 38 వేల పని మాట ఇగ ఎత్తను. బిల్లుతో, ఫోటోలతో గట్టిగా చేయించే తాకత్తు లేకుంటే మాత్రం నీ దారే మేలు.

బామ్మర్ది: నేను సొట్టతోనే అమ్మాలె అంటున్న. కాకపోతే అనుమతి లేని కన్సల్టెన్సీకి, ఖాళీ సంతకాల మీద అమ్మితే నా మాటకు విలువ లేదని ఒప్పుకుంటున్న. ఇన్సూరెన్స్ చేతిలో ఉండి, చివరి కొనుగోలుదారు ఎదురుగా ఉంటే నీ దారి తప్పు కాదు. ఇద్దరం కలిసిన చోటు మాత్రం అమ్మేటోళ్లకు, కొనేటోళ్లకు గట్టిగా చెప్పాలె. పాత కారు కొనేటప్పుడు మూడు అడగండి: దెబ్బ తగిలిన నాటి ఫోటోలు, రిపేరు బిల్లు, మీ సొంత మేస్త్రి వచ్చి చూసేటందుకు ఒక పూట సమయం. అమ్మేటోళ్లు అడగకముందే ఈ మూడూ ఇయ్యండి. కొనేది మన రాష్ట్రంవాళ్లైతే 14 రోజుల్లో ఆర్టీఏ ఆఫీసుకు తెలియజేయాలె. బీదర్, దెగ్లూర్ వాళ్లైతే ఎన్వోసీతో 45 రోజుల్లో ఆ పని పూర్తి కావాలె. బండికి సొట్ట ఉన్నా, తీసినా, అనుమతి ఉన్న డీలర్‌కు ఫారం 29సీతో అప్పజెప్పితే తప్ప, ఆర్సీలో పేరు మారేదాకా బాధ్యత అమ్మినోనిదే.